రోమ్ చర్చిల లోపల విగ్రహాల ఫొటోలు ఎలా తీయాలి

మీ ప్రశ్న రెండుసార్లు చదివానండీ. మీకు మ్యూనిక్‌లో ఉద్యోగం, విజయవాడ నుంచి అమ్మానాన్నలు వస్తున్నారు, వాళ్లని తీసుకుని అక్టోబరులో నాలుగు రోజులు రోమ్ వెళ్తున్నారు. చేతిలో సోనీ ఏ6400, 18-135 లెన్స్, ఒక ఫోన్. పోయినసారి ఒక పాత చర్చిలో తీసిన విగ్రహాలన్నీ పసుపుపచ్చగా, అలికేసినట్టు వచ్చాయి. ఈసారి ఫ్లాష్ కొనాలా, ట్రైపాడ్ మోసుకెళ్లాలా, వైడ్ లెన్స్ కావాలా, అసలు లోపల ఫొటోలు తీయనిస్తారా అని అడిగారు.

ఫ్లాష్ వద్దు. ట్రైపాడ్ చాలా చోట్ల లోపలికి రానివ్వరు, హోటల్లోనే వదిలేయండి. వైడ్ లెన్స్‌కి పెట్టే డబ్బు వెలుతురు బాగా తీసుకునే లెన్స్‌కి పెట్టండి. ఫొటోలు చాలా చర్చిల్లో తీయనిస్తారు, కొన్ని చోట్ల మాత్రం నిషేధం. ఇవన్నీ వివరంగా చెప్తాను. కానీ అంతకంటే ముందు చెప్పాల్సిన మాట ఒకటుంది. అది తెలియక నేను మొదటి రెండు ప్రయాణాలూ వృథా చేసుకున్నాను.

మ్యూజియంలో విగ్రహాన్ని ఈ గదిలోంచి ఆ గదిలోకి మార్చొచ్చు. చర్చిలో విగ్రహం అలా కాదు. చాలా విగ్రహాల్ని ఆ గోడ, ఆ ఎత్తు, ఆ కిటికీ చూసుకునే శిల్పి చెక్కాడు. అందుకని అక్కడ విగ్రహం ఒక్కదాన్నే తీస్తే సగమే తీసినట్టు. వెలుతురు ఎక్కణ్ణుంచి పడుతోంది, శిల్పి మనల్ని ఎక్కడ నిలబెట్టాలనుకున్నాడు, ఈ రెండూ కనిపెట్టాకే కెమెరా పైకెత్తండి. లోపలికి వెళ్లగానే అమ్మగారినీ నాన్నగారినీ బెంచీ మీద కూర్చోబెట్టి, మీరూ పక్కన పది నిమిషాలు కూర్చోండి. బయటి ఎండలోంచి వచ్చిన కళ్లు లోపలి చీకటికి అలవాటు పడటానికే కొంతసేపు పడుతుంది. అది అలవాటయ్యేసరికి, వచ్చినప్పుడు కనపడని నీడలు కనపడతాయి.

దీనికి మంచి ఉదాహరణ సాంతా మరియా దెల్లా విత్తోరియా. టెర్మినీ స్టేషన్ నుంచి నడిచి వెళ్లే దూరమే, పెద్ద చర్చి కూడా కాదు. లోపల ఎడమ చేతి వైపు కొర్నారో చాపెల్ ఉంటుంది (పక్క గోడల్లో ఉండే చిన్న ప్రార్థనా స్థలాన్ని చాపెల్ అంటారు). శిల్పి బెర్నీని 1647 నుంచి 1652 దాకా దాని మీద పని చేశాడు. మధ్యలో మేఘం మీద వాలిపోయిన పునీత (సెయింట్) తెరేజా, పక్కన బాణం పట్టుకుని చిరునవ్వుతో దేవదూత. వాళ్ల వెనక పై నుంచి కిందికి బంగారు పూత పూసిన కిరణాలు. మొదటిసారి చూసినవాళ్లు ఆ కిరణాలు మెరుస్తున్నాయనుకుని ఊరుకుంటారు. కాస్త వంగి పైకి చూడండి. విగ్రహాల నెత్తిన, మనకి కనపడకుండా ఒక కిటికీ దాచిపెట్టాడు. పగటి వెలుతురు అందులోంచి దిగి ఆ కిరణాల మీదా, తెరేజా ముఖం మీదా పడుతుంది. ఇప్పుడు అక్కడ ఫ్లాష్ కొడితే ఏమవుతుందో ఆలోచించండి. పై నుంచి రావాల్సిన వెలుతురు ఎదురుగా మీ దగ్గర నుంచి వెళ్తుంది. బట్టల మడతల్లోని నీడలన్నీ పోయి, పాలరాయి సున్నం కొట్టిన గోడలా వస్తుంది.

ఈ చాపెల్‌ని మూడు రకాలుగా తీయండి. ఒకటి, ఎదురుగా వెనక్కి వెళ్లి, చాపెల్ మొత్తం వచ్చేలా. రెండు పక్కలా గోడల్లో నాటకశాల బాల్కనీల్లాంటివి ఉంటాయి. వాటిలో కొర్నారో కుటుంబం వాళ్లు నలుగురేసి కూర్చుని మాట్లాడుకుంటున్నట్టు చెక్కి ఉంటారు. వాళ్లు ఫ్రేములో లేకపోతే అదంతా ఒక రంగస్థలం అన్న సంగతే ఫొటోలో పోతుంది. రెండోది, విగ్రహాల జంట మాత్రమే, నిలువు ఫ్రేములో, కిరణాలతో సహా. మూడోది దగ్గరి వివరం. నేను ప్రతిసారీ తీసేది మేఘం అంచు దాటి కిందికి వేలాడే తెరేజా పాదం. కండ సడలి, మడమ కాస్త తిరిగి, పూర్తిగా ప్రాణం వదిలేసినట్టుంటుంది ఆ పాదం. ముఖంలో ఉన్న భావమంతా ఆ కాలి వేళ్లలోనూ ఉంది. ముఖం ఫొటోలు లక్షల్లో దొరుకుతాయి, ఆ పాదం మీద ఆగేవాళ్లు తక్కువ.

ఇక మీ పసుపుపచ్చ, అలికిన ఫొటోల సంగతి. అలికినట్టు రావడానికి కారణం చెయ్యి కదలడమే. మీ కెమెరా బాడీలో స్టెబిలైజేషన్ (చెయ్యి కుదుపుని సరిచేసే ఏర్పాటు) లేదు, కానీ మీ 18-135 లెన్స్‌లో ఉంది. విగ్రహం కదలదు కాబట్టి, 30 ఎం.ఎం. దగ్గర సెకనులో 1/15 వంతు దాకా ధైర్యంగా దిగొచ్చు. మోచేతులు పక్కటెముకలకి ఆనించి, ఊపిరి సగం వదిలి, వరసగా మూడు నాలుగు ఫొటోలు తీయండి. మొదటిది బటన్ నొక్కే కుదుపులో పోతుంది, మధ్యలోది సాధారణంగా స్ఫుటంగా ఉంటుంది. ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అంకె) 3200 అంటే భయపడకండి. గింజ గింజగా వచ్చిన ఫొటోని ఇప్పుడున్న సాఫ్ట్‌వేర్లు శుభ్రం చేస్తాయి, కదిలిన ఫొటోని ఏదీ బాగు చేయలేదు. ట్రైపాడ్ లేని లోటుకి బెంచీ వీపు చాలు. అమ్మగారి శాలువా మడిచి బెంచీ మీద పెట్టి, దాని మీద కెమెరా ఆనించి, 2 సెకన్ల టైమర్ పెట్టండి. నేను చాలా ఏళ్లుగా ఇలాగే చేస్తున్నాను. ఆ శాలువా ఇంకో పనికీ వస్తుంది: వాటికన్‌లోని సెయింట్ పీటర్స్ చర్చిలో భుజాలు, మోకాళ్లు కప్పుకుని ఉంటేనే లోపలికి రానిస్తారు. మీరూ నాన్నగారూ నిక్కర్లు వేసుకోకండి.

కొనాలనే ఉంటే 30 ఎం.ఎం. ఎఫ్/1.4 లాంటి ప్రైమ్ (జూమ్ లేని) లెన్స్ ఒకటి కొనండి. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే అంత ఎక్కువ వెలుతురు. అదే చోట మీ జూమ్ లెన్స్ ఎఫ్/4 దాటి ఉంటుంది, అంటే ప్రైమ్‌కి ఎనిమిది రెట్ల పైన వెలుతురు అందుతుంది. వైడ్ లెన్స్ నేను వద్దంటున్నది ఎందుకంటే, అది చేతిలో ఉంటే పైకప్పు కోసం కెమెరా పైకి వంచుతాం, స్తంభాలన్నీ వెనక్కి పడిపోతున్నట్టు వస్తాయి. 18 దగ్గర కెమెరాని నిటారుగా పట్టుకుని, కింద నేల కొంచెం ఎక్కువ వచ్చినా సరే అనుకుని తీసి, తర్వాత కత్తిరించుకోండి.

పసుపు రంగుకి కారణం వేరు. ఒక్కో చాపెల్‌లో కిటికీ వెలుతురు నీలంగా, బల్బు వెలుతురు పసుపుగా, కొవ్వొత్తులది ఇంకా ఎర్రగా ఉంటుంది. కెమెరా వాటి మధ్య ఏదో ఒకటి ఊహించుకుంటుంది. రా ఫైల్‌లో (కెమెరా మార్పులు చేయని ముడి ఫైల్) తీయండి, ఇంటికొచ్చాక సరిదిద్దుకోవచ్చు. అయితే పాలరాయిని మల్లెపువ్వులా తెల్లగా చేసేయకండి. వందల ఏళ్ల పొగ తగిలిన రాయి అది, అక్కడ మీ కంటికి ఎంత పసుపు కనపడిందో అంత ఉంచండి.

ఎక్స్‌పోజర్ (ఫొటోలోకి ఎంత వెలుతురు తీసుకోవాలి అన్నది) దగ్గర మనవాళ్లు ఎక్కువగా తడబడతారు. రామప్ప గుడిలో చూరు కింద ఉండే మదనికల్ని తీసిన అలవాటు మీకుంటే తెలుస్తుంది: అక్కడ నల్లరాయి, వెనక వెలుగుతున్న ఆకాశం. కెమెరా ఆకాశాన్ని చూసి విగ్రహాన్ని నల్లముద్ద చేస్తుంది కాబట్టి ఎక్స్‌పోజర్ ప్లస్ వైపు తిప్పుతాం. రోమ్‌లో దీనికి తలకిందులు. తెల్ల పాలరాయి మీద వెలుతురు, చుట్టూ చీకటి. కెమెరా ఆ చీకటిని చూసి ఎక్స్‌పోజర్ పెంచేస్తుంది, విగ్రహం ముఖంలో ముక్కూ చెంపా కలిసిపోయి తెల్లటి మచ్చ మిగులుతుంది. ఒక స్టాప్ మైనస్ చేయండి, అంటే వెలుతురు సగానికి తగ్గించండి. నీడలు తర్వాత పైకి లాగొచ్చు, పోయిన తెలుపు తిరిగి రాదు. ఫ్రేమంతా పాలరాయే నిండేలా దగ్గరగా తీస్తే మాత్రం మళ్లీ ప్లస్‌కి రావాలి, లేకపోతే బూడిద రంగు వస్తుంది.

సైలెంట్ షట్టర్ పెట్టుకుంటే ప్రార్థన చేసుకునేవాళ్లకి ఇబ్బంది ఉండదు. కానీ కొన్ని బల్బుల కింద ఫొటోలో అడ్డంగా చారలు పడతాయి. ఇటలీలోనూ మన దగ్గర లాగే కరెంటు 50 హెర్ట్జ్. షట్టర్ 1/50 లేదా 1/100 దగ్గర ఉంచితే చాలావరకు పోతాయి. ఫోకస్ కోసం కెమెరా ముందు వెలిగే చిన్న లైటు కూడా మెనూలోకి వెళ్లి ఆపేయండి. ఫోన్ ఫ్లాష్ ఆటోలో ఉంటే అదీ ఆపండి. నా మొదటి ప్రయాణంలో ఒక చిన్న చర్చిలో పూజ జరుగుతుండగా నా ఫ్లాష్ వెలిగింది. ముందు వరసలో మోకాళ్ల మీద ఉన్న పెద్దావిడ ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. ఏమీ అనలేదు, మళ్లీ ముందుకి తిరిగి జపమాల పట్టుకుంది. ఆ ముఖం నాకింకా గుర్తుంది. అప్పటి నుంచి చర్చి గుమ్మం దగ్గరే సెట్టింగులన్నీ చూసుకుని లోపలికి వెళ్తాను.

పూజ మొదలైతే కెమెరా సంచిలో పెట్టేయండి. పాపసంకీర్తనం చేసే (గురువు దగ్గర పాపాలు ఒప్పుకునే) గూళ్ల వైపూ, ప్రార్థనలో ఉన్నవాళ్ల ముఖాల వైపూ లెన్స్ తిప్పకండి. మన ఇంట్లో దీపం పెట్టుకుంటుంటే ఎవరో కెమెరాతో ముందుకొచ్చి నిలబడితే ఎలా ఉంటుందో, వాళ్లకీ అంతే. వాటికన్‌లోని సిస్టీన్ చాపెల్‌లో ఫొటోలు పూర్తిగా నిషేధం. దొంగచాటుగా తీయొద్దు, తలెత్తి చూస్తూ కూర్చోండి. సెయింట్ పీటర్స్‌లో కూడా దివ్యసత్ప్రసాదం (క్రీస్తు శరీరంగా ఆరాధించే రొట్టె) ఉంచే చాపెల్ ప్రార్థనకే. మిగతా చోట్ల గుమ్మం దగ్గర బోర్డు చూడండి, అనుమానం ఉంటే అక్కడున్నవాళ్లని అడగండి. చెయ్యి అడ్డంగా ఊపితే బతిమాలకుండా వచ్చేయండి. సొంతానికి, ఇంట్లోవాళ్లకి చూపించుకోవడానికి తీసుకునే ఫొటోలతో ఇటలీ చట్టానికి పేచీ లేదు. ప్రింట్లు అమ్మడానికో ప్రకటనలకో అయితే అనుమతి కావాలి, 2004 నాటి వారసత్వ సంపద చట్టం ఆ విషయంలో గట్టిగానే ఉంది.

వేళలు కూడా రాసుకోండి. రోమ్‌లో చాలా చర్చిలు మధ్యాహ్నం 12, 12:30కి తలుపులు మూసి, మళ్లీ 3:30, 4 గంటలకి తెరుస్తాయి. సెయింట్ పీటర్స్ లాంటి బసిలికాలు (పెద్ద, ముఖ్యమైన చర్చిలు) రోజంతా తెరిచే ఉంటాయి. అయినా సెయింట్ పీటర్స్‌కి ఉదయం 7 గంటలకి తలుపు తీయగానే వెళ్లండి. లోపల కుడి చేతి వైపు మొదటి చాపెల్‌లోనే మైకెలాంజెలో పియెటా (చనిపోయిన క్రీస్తుని ఒళ్లో పెట్టుకున్న మరియమాత విగ్రహం) ఉంటుంది. 1498, 99ల్లో చెక్కాడు, అప్పటికి అతనికి పాతికేళ్లు కూడా నిండలేదు. 1972లో ఒకడు సుత్తితో కొట్టి మరియ చెయ్యి, ముక్కు విరగ్గొట్టాడు. బాగు చేశాక అద్దం వెనక పెట్టారు. మీకు ఇబ్బంది ఆ అద్దమే. మధ్యలో నిలబడితే వెనక వెలుతురంతా అందులో కనపడుతుంది. రెండడుగులు పక్కకి జరిగి, ఆ మెరుపు విగ్రహం మీద నుంచి వెనక గోడ మీదకి తప్పుకునే చోటు వెతకండి. ఆ తర్వాత 135 దాకా జూమ్ చేసి, మరియ గుండెల మీదుగా ఏటవాలుగా వెళ్లే పట్టీ చూడండి. దాని మీద మైకెలాంజెలో తన పేరు చెక్కుకున్నాడు. తాను చేసినవాటిలో సంతకం పెట్టింది ఇది ఒక్కటే. జనం మీద పడే వేళ అయితే ఆ అక్షరాలు చదవలేరు.

అదే బసిలికాకి వీలైతే సాయంత్రం ఇంకోసారి రండి. మామూలుగా చర్చిల్లో బలిపీఠం తూర్పున ఉంటుంది. సెయింట్ పీటర్స్‌లో అది పడమర కొసన ఉంది. అక్కడి గోడలో పావురం బొమ్మ ఉన్న కోడిగుడ్డు ఆకారపు కిటికీ వెనక నుంచి, పొద్దు వాలేటప్పుడు ఎండ పడుతుంది. అప్పుడు ఆ చుట్టూ బెర్నీని పోత పోసిన కంచు, గచ్చుబొమ్మలు తేనె రంగులోకి వస్తాయి. ఎక్స్‌పోజర్ కిటికీకి పెట్టండి, మిగతా అంతా చీకటిలో మునిగినా ఫరవాలేదు.

సాన్ పియెత్రో ఇన్ వింకోలి చర్చిలో బైబిల్ ప్రవక్త మోషే విగ్రహం దగ్గర అందరూ నిలబడి, తమ కంటి ఎత్తులో తీస్తారు. పోపు రెండో జూలియస్ సమాధి కోసం మైకెలాంజెలో చేసిన విగ్రహం అది. మొదటి ప్రణాళికలో దాని చోటు పై అంతస్తులో ఉంది. నలభై ఏళ్ల తగాదాల తర్వాత 1545లో సమాధి చిన్నదై, మోషే కిందికి దిగాడు. అందుకే ఎదురుగా నిలబడి చూస్తే మొండెం కాస్త పొడుగ్గా అనిపిస్తుంది. మోకాళ్ల మీద కూర్చుని కింది నుంచి తీయండి. గడ్డం, భుజం, పక్కకి తిరిగిన చూపు అన్నీ ఒక్కసారి కుదురుకుంటాయి. శిల్పి నిలబెట్టాలనుకున్న చోటు అని మొదట్లో అన్నది దీన్నే.

చిల్లర నాణేలు జేబులో పెట్టుకోవడం మర్చిపోకండి, 50 సెంట్లవీ 1 యూరోవీ. పాత చర్చిల్లో చాలా చోట్ల పెట్టెలో నాణెం వేస్తే లైటు వెలిగి, ఒకటి రెండు నిమిషాల్లో టప్పున ఆరిపోతుంది. సాన్ లూయిజి దెయి ఫ్రాంచేజిలో కరవాజ్జో గీసిన మత్తయి (క్రీస్తు శిష్యుల్లో ఒకడు) చిత్రాలు మూడూ అలాంటి లైటు కిందే ఉంటాయి. పక్క గోడల మీది చిత్రాల్ని కంచె ఇవతల నుంచి ఏటవాలుగానే చూడాలి, లైటు వెలగగానే వార్నిష్ మెరుస్తుంది. ఆ మెరుపు తప్పే కోణం ముందే చీకట్లో చూసి పెట్టుకుని, లైటు వెలిగాక వెంటనే తీయండి. వేరేవాళ్లు వేసిన నాణెం వెలుగులో తీసుకుంటే తర్వాతి నాణెం మీరు వేయండి, అక్కడ అందరూ పాటించే మర్యాద అది. లైటు ఆరాక ఇంకొకటి తీయండి. ఎడమ గోడ మీది చిత్రంలో, క్రీస్తు మత్తయిని పిలిచే దాంట్లో, వెలుతురు కుడి పక్క పై నుంచి వస్తుంది, అది చీకట్లోనే బాగా తెలుస్తుంది.

సాంతిన్యాజియో చర్చిలో పైకప్పుకి ఫోన్ చాలు. నేల మీద ఒక గుండ్రటి పాలరాయి గుర్తు ఉంటుంది, పోత్సో గీసిన పైకప్పు అక్కడ నిలబడినవాళ్లకే సరిగ్గా కనపడుతుంది. కొంచెం ముందుకి నడిస్తే గుమ్మటం కనపడుతుంది కదా, అది గుమ్మటమే కాదు, 1685లో గీసిన బొమ్మ. డబ్బుల్లేక నిజమైన గుమ్మటం కట్టలేదని చెప్తారు. నాన్నగారిని ఆ గుర్తు మీద నిలబెట్టి, తర్వాత పక్కకి నడిపించి చూపించండి. గుమ్మటం ఒరిగిపోతుంటే ఆయన ముఖం తీయండి, పైకప్పు ఫొటో కంటే అదే దాచుకుంటారు.

ఆఖరి రోజు ఒక్క సాయంత్రం మాత్రం దేనికీ ఇవ్వకుండా త్రస్తెవెరెలో సాంతా చెచీలియా చర్చికి ఉంచండి. నదికి అవతల, ముందు తోట ఉన్న నిశ్శబ్దమైన చోటు. బెనెడిక్టైన్ సిస్టర్ల మఠం పక్కనే ఉంది. బలిపీఠం కింద నల్లటి గూట్లో స్తెఫానో మదేర్నో 1600లో చెక్కిన పునీత సిసీలియా (విశ్వాసం కోసం ప్రాణమిచ్చిన స్త్రీ) పక్కకి ఒరిగి పడుకుని ఉంటుంది. 1599లో ఆమె సమాధి తెరిచినప్పుడు దేహం ఎలా కనపడిందో అలాగే చెక్కానని అతను అక్కడ రాయించాడు. ముఖం మనవైపు ఉండదు, తలకి గుడ్డ చుట్టి నేల వైపు తిరిగి ఉంటుంది. కనపడేది మెడ, దాని మీద కత్తి గాటు.

మొదటిసారి వెళ్లినప్పుడు నిలబడే తీసి, ఏమీ రాలేదని వచ్చేశాను. రెండోసారి నేల మీద కూర్చున్నాను, విగ్రహం ఎత్తుకి. అప్పుడు చేతులు కనపడ్డాయి. మోకాళ్ల వైపు చాచిన ఒక చేతికి మూడు వేళ్లు, రెండో చేతికి ఒక వేలు తెరుచుకుని ఉంటాయి. దేవుడు ఒక్కడే, ముగ్గురు వ్యక్తులు అని ఆమె మాట రాక వేళ్లతో చెప్పిందని అక్కడివాళ్లు చెప్తారు. చుట్టూ నలుపు కాబట్టి ఒకటిన్నర స్టాప్ మైనస్ చేయండి, 70 ఎం.ఎం. దగ్గర, కెమెరా కింద శాలువా పెట్టుకుని. మెడ మీది గాటుకి కాదు, ఫోకస్ ఆ మూడు వేళ్లకి పెట్టండి.